వయసుకు తగ్గ వంకర

మా అబ్బాయి స్కూలు నుంచి సర్క్యులర్లు ఎప్పుడూ శుక్రవారం సాయంత్రమే వస్తాయి. సోమవారం పొద్దున్నకల్లా పని పూర్తి చేయడానికి తల్లిదండ్రులకు రెండు నిండు రోజులు దొరకాలన్నది యాజమాన్యం వారి దయ. ఆ శుక్రవారం ఫోన్‌లోని స్కూలు యాప్ మోగింది. అందులో ఇలా ఉంది:

"ప్రియమైన పేరెంట్ గారికి, చిన్నారులలో నిద్రాణమై ఉన్న సృజనాత్మకతను తట్టిలేపే మహత్తర సంకల్పంతో, ఆరవ తరగతి విద్యార్థులు తమ స్వహస్తాలతో ఒక సైన్సు నమూనాను తయారుచేసి సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు సమర్పించవలెను. ఆలస్యమైనచో సృజనాత్మకత లేనట్లు పరిగణించబడును."

నేను దస్తావేజు లేఖరిని. మండపేటలో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డు కింద కూర్చుని ఇరవయ్యేళ్లుగా క్రయ దస్తావేజులు రాస్తున్నాను. చేత్తో రాయడం తప్ప చేత్తో చేసే పని మరొకటి నాకు రాదు. మా ఆవిడ హైమావతి సర్క్యులర్ రెండుసార్లు చదివింది. మా వాడు నిహాంత్ అప్పటికే కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. వాడి చేతిలోంచి కత్తెర లాక్కుని, "నువ్వెళ్లి చదువుకో, ఇది ప్రాజెక్టు" అని పంపేసి నావైపు తిరిగింది.

"రేపు తెల్లారగానే భ్రమరాంబ గారి కొట్టుకి వెళ్లండి. ఆలస్యమైతే అగ్నిపర్వతాలు అయిపోతాయి."

మా స్కూలు పేరు కాస్మిక్ జీనియస్ టెక్నో ఇంటర్నేషనల్. పూర్వం అది బియ్యం మిల్లు. దాని గేటుకి ఎదురుగా భ్రమరాంబ గారి జిరాక్సు, ఫ్యాన్సీ కొట్టు. నేను వెళ్లేసరికి ఆరో తరగతి తల్లిదండ్రులు వరసలో ఉన్నారు. ముందు బట్టల కొట్టు సుబ్బారావు గారు, ఆయన వెనక పళ్ల డాక్టరమ్మ. భ్రమరాంబ గారు తలెత్తకుండానే మందుల షాపులో చీటీ అడిగినట్టు అడుగుతోంది.

"ఏ క్లాసండి?"

"ఆరండి."

"ఆరంటే అగ్నిపర్వతం. పొగొచ్చేదా, వెలిగేదా?"

"రెండూ ఉండేది లేదా అండి?"

"అది ఐఐటీ ఫౌండేషను వాళ్లకండి."

వెలిగేది తీసుకున్నాను. లోపల సెల్లు, బల్బు ఉంటాయి. మీట నొక్కితే లావా ఎర్రగా మెరుస్తుంది.

సోమవారం స్కూలు గోడౌనులో ముప్పై ఏడు అగ్నిపర్వతాలు వరసగా నిలబడ్డాయి. అన్నీ ఒకే ఎత్తు, అన్నిటికీ ఒకే ఎరుపు. స్కూలు ఏజీఎం చక్రధర్ గారు టై సర్దుకుంటూ, "చూశారా సర్, కన్‌సిస్టెన్సీ!" అని చైర్మన్ గారికి చూపించారు. చైర్మన్ గారు చాలా సంతోషించి ఒక పిల్లాడి బుగ్గ గిల్లి, "ఇది ఎవరు చేశారు నాన్నా?" అన్నారు.

"భ్రమరాంబ ఆంటీ."

పక్క పిల్ల కూడా భ్రమరాంబ ఆంటీ అంది. అలా పదిమందిని అడిగేసరికి చైర్మన్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఒక్క టీచరు ఇంతమందితో ఇంత పని చేయించిందా? ఆవిడకి వెంటనే జీతం పెంచండి!" అని చెప్పి కారెక్కారు. ఏజీఎం గారు ఆ మాట డైరీలో రాసుకున్నారు. ఉద్యోగుల జాబితాలో భ్రమరాంబ పేరు కనపడకపోవడం వల్ల మాత్రమే ఆ పెంపుదల ఆగిపోయింది.

విచారణలో అసలు సంగతి బయటపడింది. తర్వాతి శుక్రవారం కొత్త సర్క్యులర్ యాప్‌లోనే కాక కాగితం మీద కూడా వచ్చింది. దాని పేరు జెన్యూనిటీ డ్రైవ్. నమూనాలన్నీ మళ్లీ చేయాలి. చిన్నారే స్వయంగా చేసినట్టు తల్లిదండ్రులు స్టాంపు పేపరు మీద హామీ ఇవ్వాలి. "అంతియేగాక, ప్రతి నమూనాలోను వయసుకు తగిన లోపములు స్పష్టముగా కనిపించవలెను." ఈ లోపాలను కొలవడానికి రుద్రమూర్తి గారని ఒక జెన్యూనిటీ ఆఫీసరును కూడా నియమించారు. అంతకుముందు ఆయన ఫైనాన్సు కంపెనీలో వాయిదా కట్టని మోటారు సైకిళ్లు పట్టుకొచ్చే పనిలో ఉండేవాడు. అబద్ధం ఎక్కడుందో వాసన పడతాడని పేరు.

నాకు చేతినిండా పని తగిలింది. "నా కుమారుడు ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్పృహలో, సదరు అగ్నిపర్వతమును స్వయముగా నిర్మించినాడనియు" అని ముప్పై ఏడు హామీలు రాశాను. అలవాటు కొద్దీ మొదటి నాలుగింటిలో అగ్నిపర్వతానికి చతుస్సరిహద్దులు కూడా రాసేశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కష్టమంతా భ్రమరాంబ గారికి వచ్చింది. ఇప్పుడు అందరికీ వంకర అగ్నిపర్వతాలు కావాలి. ఆవిడ భర్త సూరిబాబు ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసిన మనిషి. ఎంత ప్రయత్నించినా చెయ్యి వంకరగా తిరగలేదు. "నా చెయ్యి అలా తిరగదే, నన్ను చంపకు" అని బ్రష్షు కింద పెట్టేశాడు. చివరికి అతని తల్లి రాఘవమ్మ గారు రంగంలోకి దిగింది. ఆవిడకి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆవిడ కత్తిరించిన థర్మాకోలులో దైవికమైన వంకర ఉండేది. ఆ వారమే ఆపరేషన్ తేదీ. "ఈ సీజను దాటనివ్వండ్రా, ఇన్నాళ్లకి నా చేతికో పని దొరికింది" అని ఆవిడే వాయిదా వేయించుకుంది.

మా ఆవిడ మాత్రం తెచ్చిన అగ్నిపర్వతాన్ని వెనక్కి తీసుకెళ్లింది.

"ఇది మరీ అందంగా ఉందండి. మా వాడికి పదకొండేళ్లు. పదకొండేళ్లకి ఇంత అందం ఏంటండి?"

రాఘవమ్మ గారు దాన్ని తడిమి చూసి, పీట మీద పెట్టి, దాని మీద ఒక్క క్షణం కూర్చుని లేచింది.

"ఇప్పుడు చూడవే తల్లీ."

"ఆఁ, ఇప్పుడు మా వాడే చేసినట్టుందండి."

ఆ సాయంత్రమే తాతాజీ నా షెడ్డుకి వచ్చాడు. కాలవ రోడ్డులో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే మెకానిక్ అతను. భార్య ఆదిలక్ష్మి కూడా పక్కనే కూర్చుని కాయిళ్లు చుడుతుంది. వాళ్ల ప్రసూన మా వాడి క్లాసే. ప్రభుత్వం పెట్టిన ఉచిత సీటు నిబంధన కింద లాటరీలో పేరొచ్చి చేరింది. స్కూలు వాళ్లు ఆ అమ్మాయిని ఉచిత సీటు అనరు. సామాజిక బాధ్యత విద్యార్థిని అంటారు. ఫీజు కట్టేవాళ్లకే యాప్ ఇస్తారు గనక మొదటి సర్క్యులర్ వాళ్లకు చేరనే లేదు.

"మా పిల్ల మోటారు చేసిందండి. కాగితం రాయాలంటండి" అన్నాడు తాతాజీ.

రాశాను.

"అబద్ధం ఏదన్నా పడిందేమోనండి, ఓసారి చదివి వినిపించండి."

చదివాను. "అంతా నిజవేనండి" అని తృప్తిగా వేలిముద్రంత సంతకం చేశాడు. ఆ వారంలో నా కలానికి అలాంటి అనుభవం అదొక్కటే.

ప్రసూన చేసింది చాలా చిన్న వస్తువు. నాన్న షెడ్డులో మిగిలిన రాగి తీగ చుట్ట, రెండు పిన్నీసులు, పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, ఒక సెల్లు. తీగ చివర కాగితం గాలిమర. సెల్లు కలిపితే అది గిర్రున తిరుగుతుంది. తిరుగుతుంటే ఆ పిల్ల ముఖం కూడా వెలుగుతుంది.

రుద్రమూర్తి గారు ఫారం పట్టుకుని గోడౌను అంతా తిరిగారు. మా వాడి అగ్నిపర్వతానికి వంకరలో పదికి తొమ్మిది వచ్చాయి. ప్రసూన దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఫారంలో ఇలా నింపారు: "వంకర: లేదు. జిగురు మరకలు: లేవు. పనిచేయుట: చేయుచున్నది." ఆఖరి మాట కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు.

మర్నాడు తాతాజీకి నోటీసు వెళ్లింది. నమూనాలో పెద్దల హస్తం ఉన్నట్లు బలమైన అనుమానం కలిగినందున, మూడు రోజుల్లో నిర్దోషిత్వం రుజువు చేసుకోవాలి. లేనిచో టీసీ ఇచ్చి పంపించబడును. మోటారును సాక్ష్యంగా గోడౌను బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇంగ్లీషులో ఉన్న ఆ నోటీసు పట్టుకుని ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. చదివి చెప్పాను. ఆదిలక్ష్మి నా వైపు చూసి, "తవరూ ఒకసారి వత్తారాండి? మాకు వాళ్ల మాట తెలవదు" అంది. వెళ్లాను.

ఏజీఎం గారు లేచి నిలబడి నమస్కరించారు. "పేరెంట్ గారూ, మేం మిమ్మల్ని అనుమానించట్లేదు. మా సిస్టం అనుమానిస్తోంది."

"పిల్ల ఇక్కడే ఉందండి. సామాను ఇవ్వండి, మీ ముందే చేత్తాది" అంది ఆదిలక్ష్మి.

"అలా ఎలా మేడమ్? పదకొండేళ్ల పిల్లచేత మోటారు చేయిస్తే అది బాలకార్మిక చట్టం కిందికి వస్తుంది."

"మరి చేసిందనే కదండీ చూపించాలి?"

"చేస్తే నేరం. చేయకపోతే మోసం. మేం రెండిటికీ వ్యతిరేకం."

నేను కల్పించుకుని, ఏ రుజువు తెస్తే సరిపోతుందో చెప్పమన్నాను. ఆయన టై సర్దుకున్నారు.

"బిల్లుందా?"

"కొనలేదు కదండి, బిల్లెక్కడిదండి?" అన్నాడు తాతాజీ.

"అయితే కొనలేదని సర్టిఫికెట్ తీసుకురండి. సంబంధిత విక్రయదారు నుంచి."

బయటికొచ్చాక వరండాలో ప్రసూన తల్లి కొంగు పట్టుకుంది. "కొంచెం వంకరగా చేసుంటే బాగుండేదా అమ్మా?"

ఆదిలక్ష్మి ఆగిపోయింది. పిల్ల జడ ముందుకు వేసి, చెవి పక్క వెంట్రుకలు సర్ది, "వంకరగా చుడితే తిరగదే తల్లీ" అంది.

సంబంధిత విక్రయదారు అంటే ఊళ్లో భ్రమరాంబ గారొక్కరే. ఆవిడ మారుమాట లేకుండా కాగితం తీసి, "ఈ మోటారు మా కొట్టులో కొన్నది కాదు" అని రాసి ముద్ర కొట్టి ఇచ్చింది.

ఈ ఏర్పాటు ఏజీఎం గారికి ఎంతగా నచ్చిందంటే, మర్నాడే అందరూ అలాంటి సర్టిఫికెట్ తేవాలని సర్క్యులర్ పంపారు. ముప్పై ఏడు మందిమీ మళ్లీ కొట్టు ముందు వరస కట్టాం.

"కొన్నోళ్లకి కొనలేదని ఎలా రాసిత్తానండి?" అంది భ్రమరాంబ గారు.

"అగ్నిపర్వతం ఇచ్చారు కదండీ, కాగితం ఇవ్వడానికేం?" అన్నారు సుబ్బారావు గారు.

"అగ్నిపర్వతం సరుకండి. సంతకం మాటండి. సరుకమ్ముతాను గానీ మాటమ్మను."

పళ్ల డాక్టరమ్మ బతిమాలింది. నేనూ బతిమాలాను. ఇరవయ్యేళ్లుగా సంతకాల మీద బతుకుతున్న మనిషిని, ఆవిడ మాట విని తల దించుకుని ఇంటికొచ్చాను.

ఆ విధంగా స్కూలు మొత్తంలో సర్టిఫికెట్ ఉన్న పిల్ల ప్రసూన ఒక్కతే అయింది. శనివారం తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఏజీఎం గారు వేదికెక్కి యాజమాన్యం లోతుగా చర్చించి తీసుకున్న నిర్ణయం ప్రకటించారు. "సర్టిఫికెట్ తేలేని ముప్పై ఏడు మంది ఆ షాపు ఛాయలకే వెళ్లలేదని స్పష్టమైంది. సర్టిఫికెట్ తెచ్చిన ఒక్క పేరెంటూ ఆ షాపుకి వెళ్లినట్టు లిఖితపూర్వక ఆధారం ఉంది. కనుక..."

వెనక వరసలో తాతాజీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆదిలక్ష్మి పెదవి కొరుక్కుంటోంది. ఎలా లేచానో తెలియదు, లేచాను.

"సర్, మా అగ్నిపర్వతం కొన్నదే. మా వాడు దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు."

ఏజీఎం గారు చిరునవ్వు నవ్వారు.

"సర్, మీరు లేఖరి గారు. మీకు తెలియంది కాదు. స్టాంపు పేపరు మీద మీ అబ్బాయే చేశాడని మీ సంతకం ఉంది. ఇప్పుడు నోటిమాట చెల్లదు. రికార్డు ప్రకారం మీ అబ్బాయే చేశాడు. కంగ్రాచ్యులేషన్స్."

సుబ్బారావు గారు లేచి తనదీ కొన్నదేనన్నారు. ఆయన్నీ అభినందించారు. డాక్టరమ్మ లేచింది. తర్వాత ఒకరి మీద ఒకరు లేచి అరవడం మొదలుపెట్టారు. ఏజీఎం గారు ఒక్కొక్కరికీ విడివిడిగా కంగ్రాచ్యులేషన్స్ చెబుతూనే ఉన్నారు.

అంతలో గోడౌను వైపు నుంచి పెద్ద కేక వినిపించింది. అది ఏడుపు కాదు, కేరింత. తరగతి గదులు మా సమావేశానికి కావలసి వచ్చి ఆరో తరగతి పిల్లల్ని గోడౌనులో కూర్చోబెట్టారు. అందరం అటు పరుగెత్తాం.

ముప్పై ఏడు అగ్నిపర్వతాలూ పొట్టలు చీల్చి ఉన్నాయి. లోపలినుంచి ఉండలు చుట్టిన పాత సర్క్యులర్లు బయటపడ్డాయి. భ్రమరాంబ గారు మా స్కూలు చిత్తుకాగితాలే కూరేదట. పిల్లలు వాటిలోంచి సెల్లులు పీకేశారు. ఏజీఎం గారి వైట్‌బోర్డుకి ఉండే అయస్కాంతాలు ఎత్తుకొచ్చారు. ఆడపిల్లలు పిన్నీసులిచ్చారు. మధ్యలో ప్రసూన తన సంచీలోని రాగి తీగ ఉండ విప్పుతూ, ఒక్కొక్కరికి మూరెడు కొలిచి ఇస్తోంది.

"అలా కాదురా నిహాంతూ, ఆ కొసన తీగ మీద పూత మొత్తం గోకు. ఈ కొసన సగవే గోకాలి. అంతా గోకేత్తే ఆగిపోద్ది."

మా వాడు నాలుక బయటపెట్టి గోకుతున్నాడు. వాడి మోటారు రెండు చుట్లు తిరిగి పడిపోయింది. మళ్లీ నిలబెట్టాడు. ఈసారి ఆగలేదు. నావైపు చూసి, "నాన్నా, తిరుగుతోంది!" అని అరిచాడు. ఆ అరుపు నేను ఎన్ని స్టాంపు పేపర్ల మీద రాసినా రాదు.

రుద్రమూర్తి గారు అలవాటు కొద్దీ ఫారం తీసి నింపడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు.

"సర్, వంకరా ఉంది, పనీ చేస్తోంది. రెండూ ఉంటే ఏం రాయాలో ఫారంలో లేదు సర్."

సోమవారం తాతాజీకి మెమో వచ్చింది: "సదరు విద్యార్థిని మోటారు చేసినట్లు రుజువు కానప్పటికీ, ఇతరులకు నేర్పినట్లు ముప్పై ఏడుగురు సాక్షులు కలరు. నేర్పువారికి చేయుట రాకపోవచ్చుననునది మా సంస్థ యొక్క సుదీర్ఘ అనుభవమే అయినను, ఉదార దృష్టితో నోటీసు ఉపసంహరించడమైనది." తాతాజీ ఆ మెమోను నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. ఆదిలక్ష్మి తమ షెడ్డులో అందరికీ టీ పోసింది.

కానీ సంస్థ అన్నాక ఒక మంచి సంగతిని ఊరికే వదిలిపెట్టదు. నెల తిరక్కుండా "రా హ్యాండ్స్" అనే ప్రత్యేక కోర్సు ప్రకటించారు. పిల్లలు తమ చేతులతో తామే పనిచేసే సరికొత్త విధానం అట. అదనపు ఫీజు. మేమందరం కట్టాం. హైదరాబాదు నుంచి వచ్చిన ట్రైనరు రోజూ మూడు గంటలకు తెర మీద వీడియో వేసి తీగ ఎలా చుట్టాలో చూపిస్తాడు. పిల్లలు నోట్సు రాసుకుంటారు. సామాను డబ్బా అందరికీ ఇచ్చారు గానీ, వార్షిక పరీక్ష దాకా సీలు తీయకూడదు.

ఫీజు కట్టే కోర్సు గనక ఉచిత సీటు వాళ్లకు అర్హత లేదు. నాకు ఒళ్లు మండి ఆదిలక్ష్మితో ఆ మాటే అన్నాను. ఆవిడ పళ్లతో తీగ తుంచుతూ నవ్వింది. "ఊరుకోండి బాబూ. అక్కడ కూకుని మోటారు బొమ్మ గీసుకోకపోతే దానికేం లోటండి?"

స్కూలు వాళ్లకి ఇంకో చిక్కొచ్చింది. ఆ గంటసేపు ప్రసూనని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఖాళీ గది లేదు, ఖాళీ టీచరు లేదు. ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన సిమెంటు కళ్లంలో, బస్సుల మధ్య ఉండమన్నారు. ఆ పిల్ల సుద్దముక్కతో గళ్లు గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడుకోవడం మొదలుపెట్టింది. నాలుగో రోజుకి కిటికీల దగ్గర పిల్లల ముఖాలు అతుక్కుపోయాయి.

మా వాడు ఇంటికొచ్చి, "నాన్నా, నాకు ప్రసూన చేసే కోర్సు కావాలి" అన్నాడు.

మర్నాడు నేను ఏజీఎం గారి గదికి వెళ్లేసరికి సుబ్బారావు గారు, డాక్టరమ్మ, ఇంకా ఏడెనిమిది మంది అప్పటికే అక్కడున్నారు. అందరి ప్రశ్నా ఒకటే. మూడు నుంచి నాలుగు దాకా ఆ ఒక్క పిల్లకే ఇస్తున్నది ఏమిటి, మా పిల్లలకు ఎందుకివ్వరు, ఎంతవుతుంది?

ఏజీఎం గారు కిటికీలోంచి కళ్లం వైపు చూశారు. ప్రసూన ఒంటికాలి మీద ఐదో గడి దాటుతోంది. ఆయన ముఖం మెల్లగా విప్పారింది.

"చూడండి పేరెంట్ గారూ, అది అందరికీ ఇచ్చేది కాదు. సీట్లు పరిమితం. దానికి ఎంట్రన్స్ ఉంటుంది."

సాయంత్రానికే ఫారాలు అచ్చయ్యాయి. నేనూ ఒకటి తీసుకున్నాను. ఎనిమిదో ప్రశ్న: "మీ చిన్నారికి తొక్కుడుబిళ్లలో పూర్వానుభవం కలదా? ఉన్నచో ధ్రువపత్రం జతపరచవలెను."

ఫారం జేబులో పెట్టుకుని సరాసరి కాలవ రోడ్డుకి వెళ్లాను. తాతాజీ షెడ్డు ముందు ప్రసూన చెప్పులు విడిచి, మట్టిలో గళ్లు గీస్తోంది.

"అమ్మా ప్రసూనా, మా వాడికి కొంచెం తొక్కుడుబిళ్ల నేర్పుతావా?"

ఆ పిల్ల గీత పూర్తిచేసి లేచి, చేతులు గౌనుకి తుడుచుకుంది.

"పంపించండి అంకుల్. బిళ్ల మాత్రం వాణ్ణే వెతుక్కు రమ్మనండి."